పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు

మా అమ్మాయికి ఈమధ్యనే నాలుగేళ్ళు నిండాయి. రాత్రిపూట పళ్ళు తోమే పని నాది. ఒకరోజు అలా తోముతుండగా కింది దవడలో, ఎడమవైపు, ఒక పన్ను మీద ఆవగింజంత నల్లమచ్చ కనిపించింది. చాక్లెట్ ముక్కేమోనని బ్రష్షుతో గట్టిగా రుద్దాను. పోలేదు. మర్నాడు కిటికీ దగ్గర నిలబెట్టి, నోరు తెరిపించి మళ్ళీ చూశాను. మచ్చ అక్కడే ఉంది.

ఇంట్లో వెంటనే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. "పాలపండ్లే గద, ఊడిపోయేటివే గద, దానికి దవాఖాన ఎందుకు?" అన్నది మా అమ్మ పక్షం. చూపించి తీరవలసిందే అన్నది మా ఆవిడ పక్షం. నేను ఎప్పటిలాగే తీర్పు చెప్పకుండా పుస్తకాలు తిరగేశాను. తేలిందేమిటంటే, పాలపళ్ళు మొత్తం 20. మొదటిది ఆరో నెలకు అటూ ఇటుగా వస్తుంది. మూడేళ్ళు నిండేసరికి అన్నీ వచ్చేస్తాయి. ముందుపళ్ళు ఆరేడేళ్ళకు ఊడిపోయే మాట నిజమే కాని, దవడపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. అంటే ఆ మచ్చపడిన పన్నుతోనే మా అమ్మాయి ఇంకా ఆరేళ్ళకు పైగా అన్నం నమలాలి. అంతేకాదు, దాని కింద తయారవుతున్న అసలు పన్నుకు చోటు కాపలా కాసేది కూడా అదే. అది ముందుగా పోతే పక్క పళ్ళు మెల్లగా జరిగి ఆ చోటును ఆక్రమిస్తాయి. పొలం గెట్టు జరపడం మనుషులకే కాదు, పళ్ళకూ తెలుసన్నమాట.

ఇంకొక సంగతి కూడా తెలిసింది. బిడ్డ మొదటి పుట్టినరోజు లోపే ఒకసారి దంతవైద్యునికి చూపించాలట. మేము మూడేళ్ళు ఆలస్యం. ఆ ఆలస్యానికి కారణం బద్ధకం కాదు, నేను. అదేమిటో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పిల్లల పళ్ళు మాత్రమే చూసే ఒక డాక్టరుగారి దగ్గర శనివారం పొద్దుటికి సమయం దొరికింది. మధ్యలో వారం రోజులు. ఈలోగా పాపను సిద్ధం చెయ్యాలి.

తెలుగులో 'పన్ను'కు రెండర్థాలు. ఒకటి కట్టేది, ఇంకొకటి పీకించుకునేది. ఏ అర్థంలో విన్నా పెద్దవాళ్ళకే గుండె జారుతుంది. మా నల్లగొండ వైపు మరొక చిక్కు ఉంది. మేము పళ్ళను పండ్లనే అంటాం. మా అమ్మ "పండ్ల డాక్టరు" అనగానే, వెళ్ళినవాళ్ళకు జామపండ్లు, సీతాఫలాలు కోసిపెట్టే డాక్టరు కాబోలని మా అమ్మాయి తెగ సంబరపడింది. ఆ సంబరాన్ని అలాగే ఉంచేస్తే పని సులువయ్యేది. కాని శనివారం అక్కడికి వెళ్ళాక పండ్లు లేవని తేలుతుంది కదా! మొదటి అబద్ధాన్ని మొదటిరోజే విరమించుకున్నాం.

ఏం చెయ్యాలా అని ఆలోచిస్తే, చెయ్యవలసిన వాటికన్నా మానవలసినవే ఎక్కువ కనిపించాయి. మన ఇళ్ళలో డాక్టరును బూచాడికి తమ్ముణ్ణి చేసి చాలా కాలమైంది. అన్నం తినకపోతే సూది. అల్లరి చేస్తే సూది. నిద్రపోకపోతే సూది. ఏడాది పొడుగునా అలా బెదిరించి, జబ్బు చేసిన రోజున మాత్రం అదే డాక్టరు దగ్గర నవ్వుతూ నోరు తెరవమంటాం. ఆ వారం మా ఇంట్లో సూది నిషేధించబడింది.

ఇక రెండోది, "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అన్న మాట. ఇది వినకుండా టీకా వేయించుకున్న తెలుగు బిడ్డ ఉంటుందా అని నా అనుమానం. కిందటేడు ఒక టీకాకు మేమూ ఆ మాటే చెప్పి తీసుకువెళ్ళాం. పాప ఏడ్చింది, ఊరుకుంది, డాక్టరును ఏమీ అనలేదు. కాని ఆ తర్వాత నెలరోజుల పాటు నేల మీద చీమ కనిపిస్తే కుర్చీ ఎక్కింది. డాక్టరును కాపాడబోయి చీమను బలిపెట్టాం. మా మాట విలువ కూడా దానితోపాటే కొంత పోయింది.

అందుకని ఈసారి పాప "నొప్పి పుడుతుందా?" అని అడిగినప్పుడు నేను తొందరపడి లేదనలేదు. నిజానికి నాకూ తెలియదు. ఆసుపత్రికి ఫోను చేసి అడిగాను. మొదటిరోజు చూడడం, లెక్కపెట్టడం తప్ప ఇంకేమీ చెయ్యమన్నారు. మధ్యలో పాప చెయ్యి పైకెత్తితే ఆగుతారా అని అడిగాను. తప్పకుండా ఆగుతామన్నారు. అప్పుడు వచ్చి చెప్పాను. "ఈసారి ఊరికే చూస్తారు, లెక్కపెడతారు. ఇంకోసారి ఏదైనా చెయ్యవలసివస్తే ముందే చెబుతారు. నీకు నొప్పెడితే చెయ్యెత్తు, ఆగుతారు." పాప వెంటనే చెయ్యెత్తి చూసింది. నేను మాట్లాడడం ఆపాను. దించింది, మళ్ళీ మొదలుపెట్టాను. ఈ ఏర్పాటు తనకు బాగా నచ్చింది. ఆ రోజంతా నన్ను చాలాసార్లు ఆపింది.

దంతవైద్యంలో దీనికి ఒక పద్ధతే ఉంది. ముందు చెప్పడం, తర్వాత చూపించడం, ఆ తర్వాతే చెయ్యడం. 1959లో అడెల్‌స్టన్ అనే ఆయన దీన్ని వివరించి రాశాడు. పిల్లల దంతవైద్యులు ఇప్పటికీ ఈ దారిలోనే నడుస్తున్నారు. మేమూ ఇంట్లో ఆ ఆటే ఆడాం. సోఫా డాక్టరుగారి కుర్చీ అయింది. చెంచా అద్దమైంది. ఫోను లైటు దీపమైంది. మొదటి రోగిగా పాప తన ఏనుగుబొమ్మను తీసుకువచ్చింది. నోట్లో లైటు వేసి చూస్తే దానికి పళ్ళే లేవు, బయట రెండు దంతాలు మాత్రం ఉన్నాయి. "దీనికి పళ్ళు లేవు, దంతాలే ఉన్నాయి" అని తేల్చి, మందు రాసిచ్చి పంపించింది.

అంతా సవ్యంగానే సాగుతోందనుకున్నాను. బుధవారం రాత్రి పాపకు పళ్ళు తోముతున్నాను. పక్కనే నిలబడి ఉన్న మా అమ్మ మాటవరసకు అన్నది.

"మంచిగ తోమించుకో బిడ్డా. లేకుంటె మీ నాయిన పండ్ల లెక్కనే అయితయ్."

పాప నా చెయ్యి పక్కకు తోసి, నా నోట్లోకి తేరిపార చూసింది. "నాన్నా, నువ్వు చిన్నప్పుడు తోముకోలేదా?"

నాకు నలభై దాటాయి. ఈ ప్రశ్నను చాలా రూపాల్లో విన్నాను. కూతురి నోట వినడం అదే మొదలు.

మాది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. నల్లగొండ జిల్లా అనగానే మీలో చాలామందికి విషయం అర్థమయ్యే ఉంటుంది. మా నేల కింది రాళ్ళలో ఫ్లోరైడు ఉంది. అది బావుల్లోకీ బోర్లలోకీ దిగుతుంది. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా ఊళ్ళలో అంతకు ఎన్నో రెట్లున్న నీళ్ళు తాగి పెరిగాం. ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది 1955లో. నేను అప్పటికింకా పుట్టలేదు. నేను పుట్టి, పెరిగి, పాలపళ్ళు ఊడి, అసలు పళ్ళు వచ్చేదాకా కూడా మా ఇంటి బిందెలోకి వచ్చింది ఆ నీళ్ళే.

నిజానికి పళ్ళ మీది మరకలు ఇందులో అన్నిటికన్నా చిన్న దెబ్బ. వంగిన నడుములు, ముడుచుకుపోయిన కాళ్ళు చూస్తూ పెరిగాను. ఫ్లోరైడు బాధితుల గొంతుగా నిలిచిన అంశల స్వామి మా మండలంలోని శివన్నగూడెం వాడే. 2023 జనవరిలో కన్నుమూశారు. ఆయన ఎముకలకు జరిగినదాని ముందు నా పళ్ళ గోధుమరంగు ఒక లెక్క కాదు. ఆ సంగతి నాకు తెలుసు. కాని తెలిసినంత మాత్రాన సిగ్గు పోదు.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ సిగ్గు కూడా లేదు. బడిలో అందరి పళ్ళూ అలాగే ఉండేవి. పళ్ళ రంగే అదనుకున్నాను. ఇంటర్మీడియట్ చదవడానికి హైదరాబాదు వచ్చిన మొదటి వారంలో హాస్టల్లో ఒకడు అడిగాడు, "గుట్కా తింటావా?" అని. ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఉప్పూ బొగ్గుపొడీ కలిపి చిగుళ్ళు నెత్తురు కారేదాకా తోమాను. రంగు మారలేదు. నోరు మూసుకుని నవ్వడం అక్కడే నేర్చుకున్నాను. మీసం కాస్త కిందికి పెంచింది అందం కోసమని మా ఆవిడ చాలా కాలం నమ్మింది. ఒంట్లో ఎక్కడ నలతగా ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్ళాను గాని, దంతవైద్యుడి గడప మాత్రం ఒక్కసారీ తొక్కలేదు. పాపను తీసుకువెళ్తే ఆ కుర్చీ పక్కన నేను నిలబడాలి, మాట్లాడాలి, మాట్లాడితే పళ్ళు కనబడతాయి. మూడేళ్ళ ఆలస్యానికి కారణం ఇదే.

ఇవన్నీ నాలుగేళ్ళ పిల్లకు చెప్పేవి కావు. కాని తోముకోలేదని ఒప్పుకుంటే అది అబద్ధం. పైగా, పళ్ళు బాగాలేనివాళ్ళందరూ ఏదో తప్పు చేసినవాళ్ళని తన మనసులో పడిపోతుంది. శనివారం డాక్టరు తన పంటి మచ్చ చూపించగానే, తనూ తప్పు చేసిందనుకుంటుంది. అందుకని బ్రష్షు పక్కన పెట్టి, స్నానాలగది నేల మీదే కూర్చుని చెప్పాను.

"రోజూ తోముకున్నా బంగారూ. మా ఊరి నీళ్ళల్లో ఫ్లోరైడు అనేది ఒకటి ఎక్కువగా ఉండేది. కూరలో ఉప్పు ఎక్కువైతే ఏమవుతుంది? పాడవుతుంది కదా. అలాగే ఆ నీళ్ళు తాగితే పళ్ళు ఇలా అవుతాయి."

"ఎవరు వేశారు ఎక్కువ?"

"ఎవరూ వెయ్యలేదు. అక్కడి రాళ్ళల్లోనే ఉంది."

"మరి ఎందుకు తాగావు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. వెనకనుంచి మా అమ్మ అన్నది, "తాపింది నేనే గద బిడ్డా. వేరే నీళ్ళు లేకుండె." అని, కొంగుతో మూతి తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను. నా సిగ్గు నాదేననుకుంటూ ఇన్నేళ్ళు మోశాను. అది నా ఒక్కడిదే కాదని, తను తోడి తాపిన నీళ్ళ లెక్క మా అమ్మ కూడా ఇన్నాళ్ళూ మోస్తోందని నాకెప్పుడూ తట్టలేదు. తోముకోకపోవడం వల్లనే అయ్యాయన్న మాట ఆమె పాపకు చెప్పింది కాదేమో, తనకు తాను చెప్పుకున్నదేమో అనిపించింది.

శనివారం నలుగురం వెళ్ళాం. పొద్దున్నే, కడుపునిండా తిన్నాక, నిద్రమత్తు లేని వేళ చూసుకుని వెళ్ళాం. ఏనుగు కూడా వచ్చింది. డాక్టరుగారు ముందు పాపతోనే మాట్లాడింది, మాతో కాదు. అద్దం చూపించి, వేలి గోరు మీద పెట్టి, ఆ తర్వాతే నోట్లో పెట్టింది. చెప్పింది, చూపింది, చేసింది. పాప నా ఒళ్ళో పడుకుని నోరు తెరిచింది. ఏడో పన్ను దగ్గర చెయ్యెత్తింది. డాక్టరుగారు ఆగింది. నొప్పేమీ కాదు, ఆగుతారో లేదో చూడడానికే ఎత్తిందని మాకందరికీ అర్థమైంది. ఆగారు కాబట్టి ఇరవై దాకా మళ్ళీ ఎత్తలేదు.

పుచ్చు చిన్నదేనని, ఇంకా లోతుకు పోలేదని, మరో రోజు వస్తే శుభ్రం చేసి పూడుస్తానని చెప్పింది. ఆ తర్వాత నన్ను అడిగింది, ఏ పేస్టు వాడుతున్నారని.

నేను కొంచెం గర్వంగానే చెప్పాను. ఫ్లోరైడు లేనిది. వెతికి వెతికి, ఎక్కువ ధర పెట్టి కొంటున్నాను.

ఆమె నా ముఖం వైపు చూసింది. "మీది నల్లగొండ జిల్లానా అండీ?" అంది. ఆ గొంతులో జాలి లేదు, వెక్కిరింత లేదు. ఊరడిగినట్టే అడిగింది. అవునన్నాను. అప్పుడు నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఎక్కువైతే నా పళ్ళను పాడుచేసిన ఫ్లోరైడే, తగుమాత్రంగా పైపైన తగిలితే పంటి మీది పొరను గట్టిపరచి పుచ్చకుండా కాపాడుతుంది. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత, అంతకు మించి వద్దు. తోమాక ఉమ్మించాలి, మింగనివ్వకూడదు, ట్యూబు అందనివ్వకూడదు. అయితే ముందు తాగే నీళ్ళేవో చూసుకోవాలి. ఇంట్లో బోరు నీళ్ళా, నల్లా నీళ్ళా అని అడిగింది. నల్లా నీళ్ళే, కృష్ణవి. (2004 నుంచి ఆ కృష్ణ నీళ్ళు మా నల్లగొండ జిల్లా మీదుగానే గొట్టాల్లో హైదరాబాదుకు వస్తున్నాయి. మా ఊరివాళ్ళు ఆ గొట్టాలను చూస్తూ బోరునీళ్ళు తాగిన ఏళ్ళున్నాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథతో మా వైపు ఇళ్ళకు నదినీళ్ళు చేరాయి. కాని అప్పటికే ఏర్పడిన పళ్ళూ ఎముకలూ వెనక్కి తిరిగి మారవు.)

పుచ్చుకు పేస్టు ఒక్కటే కారణమని ఆమె అనలేదు. రాత్రి పళ్ళు తోమిన తర్వాత చక్కెర వేసిన పాలు తాగించి పడుకోబెట్టడం మా ఇంటి అలవాటు. అదీ తిరగేయమంది, పాలు ముందు, తోమడం తర్వాత. కాని నా మనసు మాత్రం ఆ పేస్టు దగ్గరే ఆగిపోయింది. నా పళ్ళకు జరిగింది దానికి జరగకూడదని నేను కాపలా కాసింది తప్పు గుమ్మం దగ్గర. పాపను డాక్టరు దగ్గరికి సిద్ధం చెయ్యాలని వారం రోజులు తిప్పలుపడ్డాను గాని, సిద్ధం కావలసినవాళ్ళలో నేను కూడా ఉన్నానని గుర్తించలేదు. పిల్లలు మనం చెప్పిన భయాలకే కాదు, చెప్పకుండా దాచుకున్న భయాలకూ వారసులవుతారు.

ఇంతలో మా అమ్మ కలగజేసుకుంది. "అమ్మా, చిన్నప్పుడు మంచిగ తోమిపిస్తె నా కొడుకు పండ్లు ఇట్ల కాకపోవునా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆమె ఎన్నేళ్ళుగా ఎవరిని అడుగుదామని దాచుకుందో! డాక్టరుగారు తన బల్లను జరుపుకుని మా అమ్మకు ఎదురుగా కూర్చుంది. "ఎంత తోమించినా ఇట్లనే వస్తుండె అమ్మా. పన్ను చిగురు లోపల తయారైనప్పుడే నీళ్ళు దెబ్బ తీస్తయి. బయటికి వచ్చినంక తోముడుతోని పోయేది కాదు. మీ తప్పేం లేదు" అంది. మా అమ్మ తల ఊపింది. ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పాప చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మేము బయల్దేరబోతుండగా జరిగినది ఒకటి చెప్పడం మరిచాను. పాప కుర్చీ దిగి, "నాన్నవి కూడా లెక్కపెట్టండి" అంది. నేను నవ్వి తప్పించుకోబోయాను. అది ఊరుకోలేదు. చివరికి ఎక్కి కూర్చున్నాను. దీపం ముఖం మీదికి వచ్చాక తెలిసింది, నోరు తెరవడం ఎంత కష్టమో. నాలుగేళ్ళ పిల్లను ఎంత సులువుగా తెరవమన్నాను! లెక్కపెడితే ముప్ఫై ఉన్నాయి. వాటిలో రెండు పుచ్చాయి. మరకలను కూడా చాలావరకు కప్పవచ్చునట, ముందు పుచ్చు సంగతి చూద్దామంది. రేపు శనివారం మొదట పాపకు, ఆ వెంటనే నాకు సమయం ఇచ్చారు.

ఇందాక రాత్రి తోమడం అయ్యాక, బఠాణీగింజంత పేస్టు ఉమ్మేసి, పాప నన్ను సోఫా మీద కూర్చోబెట్టింది. చెంచా తెచ్చింది. నన్ను సిద్ధం చేస్తోందన్నమాట.

"నొప్పి పుడుతుందా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించింది. "ఏమో నాన్నా. నొప్పెడితే చెయ్యెత్తు, ఆగుతారు" అంది.

చీమ మాట ఎత్తలేదు.